ఆఫీసులో ఒక్క కంప్యూటర్ నుంచే మెయిల్ బయటికి పోవడం లేదు, పక్క కంప్యూటర్లు బాగానే ఉన్నాయి

మిల్లు_ఆఫీస్ (మిర్యాలగూడ)

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడలో రైస్ మిల్లు. ఆఫీసులో మూడు కంప్యూటర్లు ఉన్నాయి. మూడింటిలోనూ ఒకే మెయిల్ ఐడీని అవుట్‌లుక్‌లో పెట్టుకున్నాం. మిల్లు సొంత డొమైన్ పేరు మీదున్న ఐడీ అది, జీమెయిల్ కాదు. మొన్నటి నుంచి బిల్లులు చేసే కంప్యూటర్‌లో మాత్రం ఏ మెయిల్ పంపినా అవుట్‌బాక్స్‌లోనే కూర్చుంటోంది. కాసేపటికి అవుట్‌గోయింగ్ సర్వర్‌కు కనెక్ట్ కాలేదని ఇంగ్లిష్‌లో మెసేజ్ వస్తోంది. అందులో 80042109 అనే నంబర్ కనబడుతోంది. వచ్చే మెయిల్స్ మాత్రం ఎప్పటిలాగే దిగుతున్నాయి. పక్క రెండింటి నుంచి పంపితే క్షణంలో పోతోంది.

యాసంగి బియ్యం లోడ్లు కదులుతున్న టైం ఇది. లారీ గేటు దాటగానే కేరళ, తమిళనాడు పార్టీలకు ఇన్‌వాయిస్, కాంటా చీటీ మెయిల్ చేయాలి. ఆ కాగితాలు చూడనిదే అవతల సరుకు దింపుకోరు. బిల్లులన్నీ ఈ కంప్యూటర్‌లోనే తయారవుతాయి కాబట్టి ఒక్కో బిల్లునూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పక్క టేబుల్ దగ్గరికి పోవాల్సి వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. జర చూసి చెప్పండి.

దేవరకొండ_తమ్ముడు

అన్నా, పాస్‌వర్డ్ మార్చి చూడండి. అయినా పోకపోతే అవుట్‌లుక్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. మా మెడికల్ షాపులో అట్లనే సెట్ అయింది.

ల్యాబ్_మేడమ్ (నల్లగొండ)

మిల్లు_ఆఫీస్ గారూ, దయచేసి ఇప్పుడే ఏదీ తీసేయకండి. పాస్‌వర్డ్ కూడా ముట్టుకోకండి. అదే ఐడీ, అదే పాస్‌వర్డ్‌తో పక్క రెండు కంప్యూటర్లు పంపుతున్నాయంటే పాస్‌వర్డ్ సరైనదే, సర్వర్ కూడా బతికే ఉంది. ఇప్పుడు మారిస్తే బాగున్న ఆ రెండూ ఆగిపోతాయి, మీకు ఒక సమస్య మూడవుతుంది.

ఇక రీఇన్‌స్టాల్ సంగతి. ఆ కంప్యూటర్‌లో అకౌంట్ పాప్ పద్ధతిలో పెట్టారా, ఐమ్యాప్ పద్ధతిలోనా అన్నది ముందు తెలియాలి. ఐమ్యాప్ అయితే మెయిల్స్ సర్వర్‌లోనే ఉంటాయి. పాప్ అయితే మెయిల్స్ సర్వర్ నుంచి దిగి ఆ కంప్యూటర్‌లోనే ఒక పీఎస్‌టీ ఫైల్‌లో ఉంటాయి. సర్వర్‌లో కాపీ ఉంచాలన్న టిక్ లేకపోతే అవి ప్రపంచంలో ఇంకెక్కడా ఉండవు. అవుట్‌లుక్ తీసేసినంత మాత్రాన ఆ ఫైల్ పోదు. కానీ మన దగ్గర రిపేర్ అంటే చాలామంది చేసేది ఏకంగా ఫార్మాట్. ఏళ్ల తరబడి పార్టీలతో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు, ఆర్డర్లు, జీఎస్టీ కాగితాలు అట్లా పోగొట్టుకున్న ఆఫీసులను నేను చూశాను. అందుకే గట్టిగా చెప్తున్నా. అవుట్‌లుక్ మూసేసి, డాక్యుమెంట్స్‌లో అవుట్‌లుక్ ఫైల్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని మొత్తంగా బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మిగతా పని ఆ తర్వాతే.

పాలమూరు_సర్వీస్ (మహబూబ్‌నగర్)

మేడమ్ చెప్పింది నూటికి నూరు శాతం నిజం. ముందు బ్యాకప్.

ఇలాంటి కేసులో మీకో గొప్ప సౌకర్యం ఉంది అన్నా. బాగా పనిచేసే కంప్యూటర్ పక్క టేబుల్ మీదే ఉంది. ఒకే ఐడీ, ఒకే వైఫై, ఒకే సర్వర్. కాబట్టి తప్పు ఎక్కడున్నా ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాలోనే ఉంటుంది. రెండింటిలోనూ అకౌంట్ సెట్టింగ్స్ పక్కపక్కన తెరిచి పెట్టుకుని లైను లైనుగా పోల్చండి.

తెరిచేది ఇలా: ఫైల్, అందులో అకౌంట్ సెట్టింగ్స్, మీ అకౌంట్ మీద డబుల్ క్లిక్, మోర్ సెట్టింగ్స్. అందులో అవుట్‌గోయింగ్ సర్వర్ అనే ట్యాబ్, అడ్వాన్స్‌డ్ అనే ట్యాబ్ రెండూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పోర్ట్ నంబర్లు (సర్వర్‌లోకి పోయే దారుల నంబర్లు), ఎన్‌క్రిప్షన్ (ఆ దారిలో మెయిల్‌కు వేసే తాళం) దగ్గర ఏముందో ఇక్కడ రాయండి. ఐడీ, పాస్‌వర్డ్ మాత్రం రాయొద్దు. ఇంకో రెండు సంగతులు కావాలి. ఆ కంప్యూటర్‌లోనే బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి పంపితే పోతోందా? ఈ మధ్య ఆఫీసులో ఏమైనా మారిందా, అంటే యాంటీవైరస్, రౌటర్, ఇంటర్నెట్ లైన్ లాంటివి?

మిల్లు_ఆఫీస్ (మిర్యాలగూడ)

ధన్యవాదాలు సార్, మేడమ్. పీఎస్‌టీ ఫోల్డర్ కాపీ చేశాను, చాలా పెద్దగా ఉంది. అకౌంట్ పాప్ పద్ధతిలోనే ఉంది.

వెబ్‌మెయిల్ నుంచి పంపితే పోతోంది. ఆ కంప్యూటర్‌కు ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి అవుట్‌లుక్ నుంచి కూడా పంపి చూశాను, అదే ఎర్రర్. మీరు అడిగాక గుర్తొచ్చింది, పాత లైన్ తీసేసి కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టింది ఈ మధ్యనే.

తేడాలు ఇవి. చెడ్డ కంప్యూటర్‌లో ఇన్‌కమింగ్ 110, అవుట్‌గోయింగ్ 25, ఎన్‌క్రిప్షన్ దగ్గర నన్ అని ఉంది. బాగున్న రెండింటిలో ఇన్‌కమింగ్ 995, అవుట్‌గోయింగ్ 587, ఎన్‌క్రిప్షన్ టీఎల్‌ఎస్. అవుట్‌గోయింగ్ సర్వర్‌కు అథెంటికేషన్ కావాలన్న టిక్ మూడింటిలోనూ ఉంది. హాట్‌స్పాట్‌లో కూడా పోలేదు కదా, మరి లైన్ తప్పు కాదనుకోవాలా?

పాలమూరు_సర్వీస్ (మహబూబ్‌నగర్)

దొరికింది. 25 దగ్గరే ఉంది మీ చిక్కు.

మెయిల్ పంపడానికి వాడే ఎస్‌ఎంటీపీ అనే పద్ధతి 1982 నుంచి ఉంది. 25 దాని పాత పోర్ట్. ఇప్పుడు ఆ పోర్ట్‌ను ఒక మెయిల్ సర్వర్ ఇంకో మెయిల్ సర్వర్‌కు మెయిల్ అప్పగించడానికి వాడతారు. మన అవుట్‌లుక్ లాంటివి పాస్‌వర్డ్ చూపించి మెయిల్ ఇచ్చే దారి 587, లేకపోతే 465. మీ మిల్లులో వడ్ల లారీలు వచ్చే గేటు వేరు, ఆఫీసుకు వచ్చే మనుషుల గేటు వేరు ఉన్నట్టే ఇది.

వైరస్ సోకిన కంప్యూటర్లు యజమానికి తెలియకుండానే 25 మీదుగా స్పామ్ కుమ్మరిస్తాయి. అందుకే చాలా ఇంటర్నెట్ కంపెనీలు మామూలు కనెక్షన్లలో 25ను బయటికి పోనివ్వవు. మీ పాత లైన్‌లో అది తెరిచి ఉండి ఉంటుంది, కొత్తదాంట్లో మూసి ఉంది. మిగతా రెండూ 587 మీద ఉన్నాయి కాబట్టి వాటికి లైన్ మారిన సంగతే తెలియలేదు. మొబైల్ నెట్‌వర్క్‌లలో కూడా 25ను మూసేయడం మామూలే, కాబట్టి హాట్‌స్పాట్‌లో పోలేదని లైన్‌ను వదిలేయలేం.

నమ్మకం కోసం ఒక పరీక్ష చేయండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి టెల్‌నెట్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి మీ అవుట్‌గోయింగ్ సర్వర్ పేరు, మళ్లీ ఖాళీ ఇచ్చి 25 కొట్టండి. తర్వాత అదే 587తో చేయండి. దారి తెరిచి ఉంటే 220తో మొదలయ్యే లైన్ ఒకటి వస్తుంది. మూసి ఉంటే చాలాసేపు ఏమీ రాక, కనెక్ట్ కాలేదని చెప్తుంది. టెల్‌నెట్ అనే కమాండే లేదంటే కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ దగ్గర టెల్‌నెట్ క్లయింట్‌కు టిక్ పెట్టండి.

మిల్లు_ఆఫీస్ (మిర్యాలగూడ)

చేశాను సార్. 25కు ఏమీ రాలేదు, 587కు వెంటనే 220 వచ్చింది. పక్క కంప్యూటర్‌లో చేసినా అచ్చం ఇట్లనే ఉంది. అంటే లైన్‌లోనే 25 మూసి ఉందని నాకూ అర్థమైంది.

అవుట్‌గోయింగ్ 587 చేసి, ఎన్‌క్రిప్షన్ టీఎల్‌ఎస్ పెట్టి, టెస్ట్ అకౌంట్ సెట్టింగ్స్ నొక్కాను. ఇప్పుడు వేరే ఎర్రర్ వస్తోంది. మీరు చెప్పిన ఎన్‌క్రిప్షన్ రకాన్ని మీ సర్వర్ సపోర్ట్ చేయదు, మార్చి చూడండి అని దాని అర్థం. అదే సర్వర్‌తో పక్క కంప్యూటర్లు టీఎల్‌ఎస్‌లోనే మాట్లాడుతున్నాయి కదా! 465 పెట్టి, ఎన్‌క్రిప్షన్‌లో ఎస్‌ఎస్‌ఎల్ అనే ఇంకో రకం పెట్టి చూసినా ఇదే వస్తోంది.

దేవరకొండ_తమ్ముడు

అన్నా, అయితే 587 ఉంచి ఎన్‌క్రిప్షన్ నన్ పెట్టండి. యాంటీవైరస్, ఫైర్‌వాల్ రెండూ ఆపేసి చూడండి.

సూర్యాపేట_నెట్‌వర్క్

తమ్ముడూ, సాయం చేయాలన్న నీ మనసు మంచిదే, కానీ ఈ సలహా వద్దు. ఎన్‌క్రిప్షన్ నన్ అంటే పాస్‌వర్డ్ తాళం లేకుండా లైన్ మీద పోతుంది. దారిలో చూడగలిగినవాడు ఎవడైనా చదువుకోవచ్చు. పైగా సరిగ్గా నడిపే చాలా సర్వర్లు అట్లా లాగిన్ ఒప్పుకోవు. ముందు స్టార్ట్ టీఎల్‌ఎస్ చేయమని, అంటే తాళం వేసుకోమని, 530 నంబర్ ఎర్రర్ ఇచ్చి తిప్పి పంపుతాయి.

ఫైర్‌వాల్ ఆపాల్సిన పని కూడా లేదు. టెల్‌నెట్‌లో 587 తెరుచుకుంది. అంటే ఆ పోర్ట్‌కు బయట అడ్డం లేదు. ఇప్పుడు గొడవంతా కనెక్ట్ అయ్యాక, తాళం వేసుకునే దశలో. మిల్లు_ఆఫీస్ గారూ, ఎర్రర్ మారడం మంచి గుర్తు. మీరు ఒక తలుపు దాటి రెండో తలుపు దగ్గర నిలబడ్డారు.

ఈ దశలో నేను చూసేవి మూడే. కుడివైపు కింద తేదీ, సంవత్సరం సరిగ్గా ఉన్నాయా? పాత మదర్‌బోర్డులో సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు సర్వర్ సర్టిఫికెట్ (దాని గుర్తింపు పత్రం) గడువు ఇంకా మొదలే కాలేదని కంప్యూటర్ అనుకుంటుంది. తర్వాత యాంటీవైరస్. కొన్నింటిలో మెయిల్ స్కానింగ్ అనే భాగం అవుట్‌లుక్‌కు, సర్వర్‌కు మధ్యలో దూరి మాట్లాడుతుంది. మొత్తం యాంటీవైరస్ ఆపకుండా ఆ ఒక్క భాగాన్ని ఆపి పరీక్షించండి, పరీక్ష కాగానే మళ్లీ ఆన్ చేయండి. ఇక మూడోది, నాకు ఎక్కువ అనుమానం ఉన్నది ఇక్కడే. ఆ కంప్యూటర్‌లో విండోస్ ఏది, అవుట్‌లుక్ ఏ సంవత్సరానిది?

గద్వాల_చీరలు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాకూ ఒక్క కంప్యూటర్‌లోనే సమస్య, కానీ మాది జీమెయిల్. షాపులో రెండు కంప్యూటర్లున్నాయి. మా అబ్బాయి జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చిన తర్వాత కౌంటర్ దగ్గరున్న దాంట్లో అవుట్‌లుక్ పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటోంది. ఎన్నిసార్లు కరెక్టుగా కొట్టినా 535 అని వస్తోంది. రెండోదాంట్లో బ్రౌజర్‌లో తెరుస్తాం, అది బాగానే ఉంది.

ల్యాబ్_మేడమ్ (నల్లగొండ)

గద్వాల అక్కా, 535 అంటే దారి బాగానే ఉంది, గుర్తింపు దగ్గర ఆపేశారు అని. 2022 మే 30 నుంచి గూగుల్ మామూలు జీమెయిల్ పాస్‌వర్డ్‌తో ఇలాంటి పాత పద్ధతి ప్రోగ్రాములను లాగిన్ కానివ్వడం లేదు. మీ అవుట్‌లుక్ ఇప్పటిదాకా నడిచిందంటే ఎవరో అందులో యాప్ పాస్‌వర్డ్ అనేదాన్ని పెట్టి ఉంటారు. అసలు పాస్‌వర్డ్ మార్చగానే గూగుల్ పాత యాప్ పాస్‌వర్డ్‌లను రద్దు చేస్తుంది. అందుకే ఆగింది.

మీ అబ్బాయితో గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ పేజీ తెరిపించండి. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్‌లో ఉంటేనే యాప్ పాస్‌వర్డ్ చేసుకోనిస్తుంది. 16 అక్షరాలు ఇస్తుంది, అవే అవుట్‌లుక్‌లో పాస్‌వర్డ్ దగ్గర కొట్టాలి. అయినా పాతదే గుర్తుంచుకుని విసిగిస్తే కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి ఆ మెయిల్ పేరుతో దాచిన పాతది తీసేయండి.

ఇంకో మాట. చీరల ఫొటోలు ఒకేసారి కస్టమర్లందరికీ మెయిల్ చేస్తుంటారేమో, మామూలు జీమెయిల్‌కు రోజుకు 500 పరిమితి ఉంది. దాటితే కొంతసేపు పంపడం ఆగిపోతుంది. అది కంప్యూటర్ తప్పు కాదు.

గద్వాల_చీరలు

చాలా థ్యాంక్స్ మేడమ్. కొత్త యాప్ పాస్‌వర్డ్ పెట్టగానే పోయింది. పాతది క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఉండె, తీసేశాం.

మిల్లు_ఆఫీస్ (మిర్యాలగూడ)

సూర్యాపేట సార్, తేదీ సరిగ్గానే ఉంది. యాంటీవైరస్‌లో మెయిల్ స్కానింగ్ ఒక్కటే ఆపి చూశాను, అదే ఎర్రర్, మళ్లీ ఆన్ చేశాను. ఆ కంప్యూటర్‌లో విండోస్ 7, అవుట్‌లుక్ 2010. పక్క రెండూ విండోస్ 10. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాతది కాబట్టి దీన్ని మార్చకుండా నడిపిస్తున్నాం.

ఇంకోటి చెప్పాలి. ఇక్కడ నా పోస్ట్ చూసి ఒకాయన ప్రైవేట్ మెసేజ్ పెట్టాడు. రిమోట్ యాప్ కోడ్ ఇస్తే ఐదు నిమిషాల్లో చేసి ఇస్తానంటున్నాడు. ఇవ్వొచ్చా?

నారాయణపేట_ఆడిట్

ఇవ్వొద్దండి. నేను ఆడిట్ పని చేస్తాను, సమస్య కంటే ఈ మాటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. అది బిల్లులు చేసే కంప్యూటర్. పార్టీల వివరాలు, బ్యాంక్ లాగిన్లు అందులోనే ఉంటాయి. ఎవరో తెలియని మనిషికి తెర అప్పగిస్తే మీ పాత మెయిల్స్ చదివి, మీ ఐడీ నుంచే పార్టీకి 'మా బ్యాంక్ అకౌంట్ మారింది, డబ్బు ఇందులో వేయండి' అని రాయగలడు. అట్లా బియ్యం డబ్బు వేరే ఖాతాకు పోతే తిరిగి రావడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ఒకవేళ ఎవరికైనా అలా జరిగితే క్షణం ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అది.

ఇంకో విన్నపం. మెయిల్ పోవడం లేదని ఎవరి సొంత జీమెయిల్ నుంచో ఇన్‌వాయిస్‌లు పంపకండి. ఏ ఐడీ నుంచి వచ్చినా నమ్మే అలవాటు పార్టీకి ఒకసారి పడితే దొంగ ఐడీని కూడా అట్లనే నమ్ముతుంది. ఇబ్బందైనా పెన్‌డ్రైవ్ పట్టుకుని పక్క టేబుల్ దగ్గరికి పోయి మిల్లు ఐడీ నుంచే పంపండి, లేదా వెబ్‌మెయిల్ వాడండి.

సూర్యాపేట_నెట్‌వర్క్

ఆడిట్ సార్ మాటకు నా ఓటు. ఆ మెసేజ్‌కు జవాబు కూడా ఇవ్వకండి.

ఇక విండోస్ 7 అన్నారు, అదే నా అనుమానం. టీఎల్‌ఎస్ అనే తాళంలో కూడా వెర్షన్లు ఉన్నాయి. 1.0, 1.1 పాతవైపోయి 2021 మార్చిలో అధికారికంగా పక్కన పెట్టేశారు. చాలా మెయిల్ సర్వర్లు ఇప్పుడు 1.2, 1.3 మాత్రమే ఒప్పుకుంటాయి. విండోస్ 10లో 1.2 మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. విండోస్ 7లో 1.2 ఉంది కానీ నిద్రలో ఉంటుంది, మనం లేపాలి. అవుట్‌లుక్ 2010 తన తాళాన్ని విండోస్ నుంచే తీసుకుంటుంది కాబట్టి సర్వర్ దగ్గరికి 1.0తో పోతుంది. సర్వర్ వద్దంటుంది. దాన్నే అవుట్‌లుక్ మీ సర్వర్ ఈ ఎన్‌క్రిప్షన్‌ను సపోర్ట్ చేయదని తిప్పి చెప్తోంది. తప్పు సర్వర్‌ది అన్నట్టు ఉంటుంది ఆ వాక్యం, చాలామంది అక్కడే దారి తప్పుతారు.

మరి వచ్చే మెయిల్స్ ఎట్లా దిగుతున్నాయి అంటారా? మీరు రాసిన 110 చూడండి. అది తాళం లేని దారి. తాళమే లేనప్పుడు వెర్షన్ గొడవ ఎందుకొస్తుంది! అందుకే ఇన్‌కమింగ్ వస్తోంది కాబట్టి అంతా బాగుందని అనుకోకూడదు.

నా మాట నిజమో కాదో తేల్చుకోవడానికి రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగ్స్ పట్టీ) ముట్టుకోకముందే ఒక పని చేయండి. థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాం ఉంది. విండోస్ 7కు పనిచేసే చివరి వరుస 115. దాని సొంత సైట్ నుంచే దించుకోండి. అది విండోస్ తాళం మీద ఆధారపడదు, సొంత తాళం వెంట తెచ్చుకుంటుంది. అందులో అదే ఐడీని ఐమ్యాప్ పద్ధతిలో, అవుట్‌గోయింగ్ 587తో పెట్టి ఒక మెయిల్ పంపండి. పోయిందంటే లైన్, యాంటీవైరస్, పాస్‌వర్డ్ అన్నీ నిర్దోషులే. పాప్ మాత్రం పెట్టకండి, మెయిల్స్ అటు దిగిపోయి రెండు చోట్ల చీలిపోతాయి.

మిల్లు_ఆఫీస్ (మిర్యాలగూడ)

థండర్‌బర్డ్ నుంచి మెయిల్ పోయింది సార్! అదే కంప్యూటర్, అదే లైన్. మీరు చెప్పింది కరెక్ట్. ఇప్పటికి బిల్లులు ఇందులోంచే పంపుతున్నాం, పెన్‌డ్రైవ్ బాధ తప్పింది. ఆ ప్రైవేట్ మెసేజ్ వాడిని బ్లాక్ చేశాను. కానీ గుమాస్తా గారికి అవుట్‌లుక్ అలవాటు, పాత మెయిల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని కూడా బాగుచేసే దారి చెప్పండి.

పాలమూరు_సర్వీస్ (మహబూబ్‌నగర్)

చెప్తాను, కానీ రిజిస్ట్రీ పని కాబట్టి నిదానంగా. ముందు సిస్టం రిస్టోర్ పాయింట్ ఒకటి పెట్టుకోండి, తేడా వస్తే వెనక్కి పోవచ్చు. కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి, సర్వీస్ ప్యాక్ 1 అని ఉండాలి. లేకపోతే ముందు అది. తర్వాత మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ నుంచి 3140245 నంబర్ అప్‌డేట్ వేసుకోండి. మీది 32 బిట్టా, 64 బిట్టా చూసుకుని సరైనది తీసుకోండి. ఈ అప్‌డేట్‌తో పాటు రిజిస్ట్రీలో పెట్టాల్సిన విలువల కోసం మైక్రోసాఫ్ట్ తన పేజీలోనే ఒక ఈజీ ఫిక్స్ ఫైల్ కూడా ఇచ్చింది, అది దొరికితే వాడండి.

దాని తర్వాత రిజిస్ట్రీ ఎడిటర్‌లో సిస్టం, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, సెక్యూరిటీ ప్రొవైడర్స్, ఎస్‌ఛానెల్, ప్రోటోకాల్స్ వరకు వెళ్లండి. అక్కడ టీఎల్‌ఎస్ 1.2 అనే కీ, దాని లోపల క్లయింట్ అనే కీ ఉన్నాయేమో చూడండి, లేకపోతే చేయాలి. క్లయింట్‌లో డిజేబుల్డ్ బై డిఫాల్ట్ అనే డీవర్డ్ విలువ 0, ఎనేబుల్డ్ అనేది 1 ఉండాలి. పేర్లలో ఖాళీలు, పెద్ద అక్షరాలు మైక్రోసాఫ్ట్ పేజీలో ఉన్నట్టే కొట్టండి, డిజేబుల్డ్ బై డిఫాల్ట్ అంతా ఒకే పదంగా రావాలి. రీస్టార్ట్ చేయనిదే ఏదీ అమలు కాదు. ఇది మీకు కొత్త అయితే ఊళ్లో మీకు తెలిసిన సర్వీస్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చేయించండి, ఆయనకు ఈ పోస్ట్ చూపించండి చాలు.

సెట్ అయ్యాక ఇన్‌కమింగ్‌ను కూడా 110 నుంచి 995కు మార్చి ఎస్‌ఎస్‌ఎల్ టిక్ పెట్టండి. ఇన్నాళ్లూ మీ పాస్‌వర్డ్ తాళం లేకుండా తిరిగింది. కాబట్టి అన్నీ కుదిరాక, లారీల హడావిడి లేని ఒక పూట, మూడు కంప్యూటర్లలోనూ ఒకేసారి పాస్‌వర్డ్ మార్చేయండి. మేడమ్ మొదట వద్దన్నది అప్పటి వరకే. ఇప్పుడు మార్చాల్సిందే.

మిల్లు_ఆఫీస్ (మిర్యాలగూడ)

మాకు తెలిసిన సర్వీస్ అతన్ని పిలిపించి అన్నీ మీరు చెప్పిన వరుసలోనే చేయించాం. రీస్టార్ట్ తర్వాత టెస్ట్ అకౌంట్ సెట్టింగ్స్‌లో రెండు పచ్చ టిక్కులు వచ్చాయి. 995 కూడా పనిచేస్తోంది. కొత్త మెయిల్స్ పోతున్నాయి. గుమాస్తా గారు మీ అందరికీ దండాలు చెప్పమన్నారు.

ఒక్క మెయిల్ మాత్రం అవుట్‌బాక్స్‌లో మొండికేసింది. ఎర్రర్ ఏమీ రావడం లేదు, అట్లనే ఉంది. ఒక లోడ్ తాలూకు కాంటా చీటీలన్నీ స్కాన్ చేసి పెట్టిన మెయిల్ అది.

ల్యాబ్_మేడమ్ (నల్లగొండ)

దాన్ని మధ్యలో ఎవరైనా తెరిచి చూశారా? అవుట్‌బాక్స్‌లో పంపడానికి సిద్ధంగా ఉన్న మెయిల్ పేరు వంకర అక్షరాల్లో కనబడుతుంది. దాన్ని తెరిచి మూసేస్తే అక్షరాలు నిటారుగా మారతాయి, ఇక అవుట్‌లుక్ దాన్ని పంపాల్సిన వరుసలోంచి తీసేస్తుంది. ఎర్రర్ కూడా ఇవ్వదు. ఎంతసేపు ఉంచినా పోదు.

సెండ్ రిసీవ్ ట్యాబ్‌లో వర్క్ ఆఫ్‌లైన్ నొక్కి, ఆ మెయిల్‌ను డ్రాఫ్ట్స్‌లోకి లాగండి. లాగనివ్వకపోతే అవుట్‌లుక్ మూసి తెరిచి లాగండి. తర్వాత వర్క్ ఆఫ్‌లైన్ తీసేయండి. పంపే ముందు అటాచ్‌మెంట్ సైజు చూడండి.

మిల్లు_ఆఫీస్ (మిర్యాలగూడ)

అవును మేడమ్, నిటారు అక్షరాలే ఉన్నాయి. డ్రాఫ్ట్స్‌లోకి లాగి మళ్లీ పంపితే ఈసారి 552 అని తిరిగొచ్చింది. ఫైల్ 18 ఎంబీ. మా సర్వర్ పరిమితి 20 ఎంబీ అని రాసి ఉంది, మరి ఎందుకు ఒప్పుకోలేదు?

ల్యాబ్_మేడమ్ (నల్లగొండ)

552 అంటే సైజు ఎక్కువైందని. ఫైల్ మెయిల్‌లో ఎక్కేటప్పుడు ఉన్నది ఉన్నట్టు ఎక్కదు, అక్షరాలుగా మారి ఎక్కుతుంది. దాంతో మూడో వంతు బరువు పెరుగుతుంది. మీ 18 కాస్తా 24 అయింది. 20 ఎంబీ పరిమితి ఉంటే అసలు ఫైల్ 14కు లోపే ఉంచుకోవాలి.

కాంటా చీటీకి రంగు స్కాన్ ఎందుకండి? 200 డీపీఐ, గ్రే, పీడీఎఫ్ పెట్టండి. అంకెలు చక్కగా చదవొచ్చు, సైజు ఎన్నో రెట్లు తగ్గుతుంది. అవతల పార్టీ ఫోన్‌లో చూసుకుంటాడు, వాళ్లకూ తొందరగా తెరుచుకుంటుంది.

మిల్లు_ఆఫీస్ (మిర్యాలగూడ)

మళ్లీ స్కాన్ చేసి పంపాను, పోయింది. పార్టీ అందిందని ఫోన్ కూడా చేశాడు. పాస్‌వర్డ్ ఆదివారం మారుస్తాం.

మా సేటు ఇప్పుడు ఈ కంప్యూటర్ బాగైంది కదా, ఇంకో రెండేళ్లు నడుపుదాం అంటున్నారు. మీరేమంటారు?

సూర్యాపేట_నెట్‌వర్క్

సేటు గారికి నా మాటగా చెప్పండి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న, అవుట్‌లుక్ 2010కు అదే ఏడాది అక్టోబర్ 13న మద్దతు ఆపేసింది. మనం చేసింది సర్వర్ ఇంకా 1.2 ఒప్పుకుంటోంది కాబట్టి కుదిరింది. విండోస్ 7లో 1.3 లేదు. రేపు సర్వర్ వాళ్లు 1.3 ఒక్కటే అంటే ఏ రిజిస్ట్రీ మార్పూ పనిచేయదు. మెయిల్ సంగతి అటుంచినా, సెక్యూరిటీ అప్‌డేట్లు రాని మెషీన్‌లో బ్యాంక్ పని చేయడం నాకు నచ్చదు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కోసం పాతది ఉంచుకోవాల్సి వస్తే ఉంచుకోండి, కానీ దానికి ఇంటర్నెట్ తీసేసి బిల్లులకే వాడండి. మెయిల్, బ్యాంక్ కొత్త మెషీన్‌లో. కొనేటప్పుడు విండోస్ 11 చూసుకోండి, ఎందుకంటే 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది.

దేవరకొండ_తమ్ముడు

ఈ థ్రెడ్ మొత్తం సేవ్ చేసుకున్నా. ఒక డౌట్. మా షాపులో కంప్యూటర్ మంచిగనే పంపుతది కానీ పాత స్కానర్ ప్రింటర్ నుంచి నేరుగా మెయిల్‌కు స్కాన్ పంపేది ఆగిపోయింది. అది కూడా ఇదేనా?

పాలమూరు_సర్వీస్ (మహబూబ్‌నగర్)

చాలా వరకు ఇదే తమ్ముడూ. ప్రింటర్ కూడా మెయిల్ పంపేటప్పుడు ఒక చిన్న అవుట్‌లుక్ లాంటిదే. దాని ఐపీ అడ్రస్‌ను బ్రౌజర్‌లో కొడితే సెట్టింగ్స్ పేజీ వస్తుంది. ఎస్‌ఎంటీపీ దగ్గర 25 ఉంటే 587 చేయి, అథెంటికేషన్ ఆన్ చేయి, జీమెయిల్ అయితే యాప్ పాస్‌వర్డ్ పెట్టు. ప్రింటర్ తేదీ కూడా చూడు, చాలావాటిలో తప్పుగా ఉంటుంది. తర్వాత తయారీ కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కు కొత్త ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఉందేమో వెతుకు. టీఎల్‌ఎస్ 1.2 దాంతోనే రావాలి. ఫర్మ్‌వేర్ లేకపోతే దాని మెయిల్ పని అయిపోయినట్టే. అప్పుడు యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి స్కాన్ చేసి అక్కడి నుంచి పంపు. మోడల్ పేరు రాస్తే ఫర్మ్‌వేర్ సంగతి నేను చూసి చెప్తా.